అంచులో అల్లిన మాట

ఇంగ్లీషులో నవ్వేవాణ్ణి నమ్మే జబ్బు నగరి ఊళ్లో చాలామందికి ఉంది. వెంకటమునికి కాస్త ముదిరింది. మద్రాసు నుంచి రూపేష్ అనేవాడొచ్చి, చీరల అంచులు గీయడానికి సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్ చవగ్గా ఇస్తానంటే, వెనకా ముందూ చూడకుండా తన మగ్గాల షెడ్డు కంప్యూటర్లో పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత వింత మొదలైంది. షెడ్డులో గీసిన అంచు మగ్గం ఎక్కకముందే, అదే అంచుతో రాష్ట్ర సరిహద్దు అవతలి మిల్లు చీరలు తిరుపతి దుకాణాల్లో దిగుతున్నాయి. గీసిన ప్రతిసారీ ఇదే కథ.

అంచులు గీసేది మురుగేష్. అతని అత్తగారి ఊరు సరిహద్దు అవతల. వెంకటమునికి ఇంతకంటే సాక్ష్యం దేనికి? పదిమంది ముందర దొంగవన్నాడు, రేపట్నుంచి రావద్దన్నాడు. మురుగేష్ సైకిలెక్కాడు. మాట ఊరంతా పాకింది. ఇంకే షెడ్డులోనూ అతన్ని గడప తొక్కనివ్వలేదు.

వెంకటముని కోడలు చంద్రికకు ఇది మింగుడుపడలేదు. పుత్తూరులో కంప్యూటర్లు చదివిన పిల్ల. ఆమె అనుమానమంతా ఆ సాఫ్ట్‌వేర్ మీదే, గీసిందల్లా అదే నెట్లో చాటుగా బయటికి పంపుతోందని. యాంటీవైరస్ పెట్టి వెతికితే అంతా శుభ్రమని చూపించింది. మామ ఎగతాళి చేశాడు.

"దానికి తెలిసిన దొంగలే దొరుకుతారు మామా, స్టేషన్లో ఫొటో ఉండేటోళ్ల మాదిరి. ఇది మన కోసమే కొలతలు తీసి కుట్టిన దొంగ. దీని ఫొటో యాడా ఉండదు."

"మరి ఎట్ల పడతావు?"

"ఎర యేసి."

ఎవరికీ చెప్పకుండా ఆమె ఆ సాఫ్ట్‌వేర్లోనే ఒక అంచు గీసింది. చూపుకు మెలికల తీగ. దగ్గరగా చూస్తే తీగా కాదు, మొగ్గా కాదు. 'దొంగ' 'దొంగ' అని ఒకదాన్నొకటి అల్లుకున్న తెలుగు అక్షరాలు. మగ్గానికి పంపలేదు, కాగితం మీద తీయలేదు. సేవ్ చేసి ఊరుకుంది.

కొన్నాళ్లకు తిరుపతి నుంచి బట్టల దుకాణం మునీంద్ర వెంకటమునికి ఫోన్ చేశాడు. అవతలి మిల్లు కొత్త తీగ అంచు పంపిందనీ, జనం ఎగబడి కొంటున్నారనీ, నువ్వెందుకు నేయవనీ దెప్పాడు. మామాకోడళ్లు బస్సెక్కారు.

మునీంద్ర చీర పరిచాడు. చంద్రిక అంచు మీద వేలు పెట్టి 'దొంగ, దొంగ' అని నిదానంగా చదివింది. మునీంద్ర కళ్లజోడు సర్దుకుని వంగి, అక్కడే పరుపు మీద కూలబడ్డాడు. పొద్దున్నే ఒక పెళ్లికొడుకు తల్లి ఇదే చీర ముచ్చటపడి తీసుకుపోయిందట. తెలుగు రాని మిల్లువాడు పూలతీగ అనుకుని గజాల కొద్దీ నేయించాడు. దుకాణమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వెంకటముని నవ్వు మాత్రం సగంలో ఆగింది. కోడలు గీసిన ఈ అంచు ఆ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకెవరూ చూడలేదు, మురుగేష్ కంట కూడా పడలేదు కదా.

ఆ చీరే కొని కోడలితో నేరుగా మురుగేష్ ఇంటికి పోయాడు. వీధిలో నిలబడి తప్పు తనదేనన్నాడు. నలుగురికీ వినబడలేదని చంద్రిక రెండోసారి చెప్పించింది. మురుగేష్ అతని మొహం చూడలేదు, అంచు చూశాడు.

"'దొం'లో సున్నా సిన్నదైపొయ్యింది మ్మా. తీగ నిలబళ్ళా," అన్నాడు చంద్రికతో.

అతని భార్య శకుంతలమ్మ చీర లాక్కుంది. "ఇది నాకియ్యన్నా. రేపు కట్టుకోని మీ వీధిలోనే తిరుగుతా. దొంగ ఎవురో ఊరు సదువుకోనీ."

అన్నంత పనీ చేసింది, రెండు సార్లు. ఆమె వెనకే మురుగేష్ షెడ్డుకొచ్చి, కంప్యూటర్ నెట్ వైరు పీకి వెంకటముని చేతిలో పెట్టి, కుర్చీ లాక్కున్నాడు.