రెండు గంటల సర్వీసు

మా ఇంట్లో ఏసీ లేదు. వీధి మొత్తానికీ ఏసీలు బిగించేది, బాగుచేసేది నేనే. మా ముందు గదిలో మాత్రం పైన ఒక సీలింగ్ ఫ్యాను, మూల ఒక టేబుల్ ఫ్యాను, అంతే. పెడతానంటే నాన్న ఒప్పుకోడు. "ముప్పై ఏళ్ళు కిటికీ గాలికి బండి నడిపాను, మూసిన గదిలో చల్లగాలి నాకు పడదు" అంటాడు. నాకు ముక్కు మీదే కోపం. ఆ మాట వినగానే పనిసంచి నేలకేసి కొట్టి లోపలికి పోతాను. సంచిలో ఏసీ గ్యాసు కొలిచే గేజీలున్నాయని ఆ తర్వాత గుర్తొస్తుంది.

నాన్న బస్సు డ్రైవరు. రిటైరై ఆరేళ్ళయింది. దూరపు చూపు తగ్గిందని లైసెన్సు పొడిగించలేదు. స్కూటరు తాళంచెవి కూడా ఆయనకు అందకుండా అమ్మ బియ్యం డబ్బాలో దాచింది. కుర్చీలో కూర్చున్నా మనిషి కుడికాలు ఊరుకోదు, నేల మీద బ్రేకు వేస్తూనే ఉంటుంది. చూడలేకపోయాను. నేను ఆడుకోవడానికి కొనుక్కున్న గేమ్ కన్సోల్‌లో బస్సు నడిపే ఆట ఒకటి వేసి, పాత సామాన్ల దుకాణంలో దొరికిన స్టీరింగు, పెడళ్ళు తగిలించి ఆయన ముందు పెట్టాను. టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటే ఆయనకు అంతా బాగానే కనపడుతుంది. ఆ రోజు నుంచి ఆ కన్సోల్ నాది కాకుండా పోయింది.

ఆయనకది ఆట కాదు, డ్యూటీ. భోంచేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సరిగ్గా రెండింటికి కూర్చుంటాడు. "ఎండ తగ్గాక ఆడుకోవచ్చుగా నాన్నా" అంటే, "రెండు గంటల బండి రెండింటికే కదలాలమ్మలూ" అంటాడు. ఆయన ఎంచుకున్నది కొండ దారి. కింద ఊళ్ళో బయలుదేరి, కొండెక్కి, అవతలి వైపు దిగి ఆఖరి స్టాపు చేరడానికి రెండు గంటలు పడుతుంది. ఆయన ఒక్కసారి కూడా చేరలేదు. ఆ ఎండవేళ కన్సోల్ బాగా వేడెక్కిపోతుంది. సగం కొండ మీద తెర పైన వేడి మించిందని ఎర్ర అక్షరాలు వస్తాయి, ఆ తర్వాత అంతా నల్లబడుతుంది. మళ్ళీ మొదలుపెడితే బండి కింద ఊళ్ళోనే ఉంటుంది.

మధ్యలో కన్సోల్‌ని నిద్రపుచ్చితే చల్లారుతుందనీ, లేపితే ఆపినచోటు నుంచే నడపవచ్చనీ నేను చెప్పకపోలేదు. నాన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"ప్యాసింజర్లని నడిరోడ్డు మీద పెట్టి డ్రైవరు నిద్రపోతాడా?"

"అది ఆట నాన్నా!"

"నీకు ఆట."

ఆ పట్టుదలకు కారణం నాకు తెలుసు. ఆయన ఆఖరి డ్యూటీ కూడా ఇలాంటి కొండ దారే. ఆ రోజు సాయంత్రం డిపోలో ఆయనకు వీడ్కోలు సభ. సగం కొండ మీద ఇంజను మరిగి ఆగిపోయింది. ప్యాసింజర్లను వెనక బండి ఎక్కించి పంపేసి, నాన్న తన సభకు తానే, బస్సును కట్టి లాక్కొచ్చిన బండిలో చేరాడు. అప్పటికి కుర్చీలు తీసేస్తున్నారు. ముప్పై ఏళ్ళలో సగంలో ఆగిన ట్రిప్పు అదొక్కటే. దాని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడం.

ఆ రోజు కూడా నాన్న పక్కనున్నది కండక్టరు బాబాయే. ఇరవై రెండేళ్ళు ఇద్దరిదీ ఒకే బండి. మొన్న సోమవారం ఆయన ఫోన్ చేశాడు. కూతురింటికి మకాం మార్చేస్తున్నాడట, రెండు రోజుల రైలు ప్రయాణమట, మోకాళ్ళ నొప్పులతో మళ్ళీ ఇటు వచ్చేది కల్లట. ఆదివారం వచ్చి కనపడి, ఆ సాయంత్రం రైలుకే వెళ్తానన్నాడు.

"రా. ఆ రోజు ఆగిపోయిన ట్రిప్పు పూర్తి చేద్దాం" అన్నాడు నాన్న.

ఫోన్ పెట్టేశాక కన్సోల్ వైపు చూశాడు. అది సగం కొండ దాటదని నాకు తెలుసు.

ఆ వారమంతా ఇల్లు వర్కుషాపు అయింది. మొదట అమ్మతో పేచీ. మా అమ్మ కరెంటుతో నడిచే ఏ వస్తువుకైనా లేసు గుడ్డ కప్పుతుంది. కన్సోల్‌ని టీవీ బల్ల అరలో పెట్టి, దాని మీద కూడా పువ్వుల గుడ్డ కప్పింది. "దుమ్ము పడదూ?" అంది. ఆ గుడ్డ కింద అది ఊపిరాడక చస్తోందని చెప్పి, అరలోంచి తీసి, గోడకు జానెడు దూరంలో రెండు ఇటుకల మీద పెట్టాను. నాన్నకు అది చాలినట్టు లేదు. గురువారం నేను పని నుంచి వచ్చేసరికి కన్సోల్ మీద తడి తువ్వాలు ఆరేసి ఉంది.

"ఏంటిది?" అని అరిచాను.

"రేడియేటర్ మీద తడి గోనె కప్పేవాళ్ళంగా" అన్నాడు, నాకు పాఠం చెబుతున్నట్టు. చుక్క లోపల పడి ఉంటే కొంప మునిగేది. ఆ తువ్వాలు పీకి ఆయన ఒళ్ళో పడేసి, "నాకొదిలెయ్యి, వేడి సంగతి చూడ్డమే నా ఉద్యోగం" అన్నాను.

అన్నాను కదా. శనివారం మధ్యాహ్నం కన్సోల్ మూత విప్పాను. లోపల దుమ్ము పరుపు పరిచినట్టుంది. ఏసీలకు వాడే పెద్ద బ్లోయర్ తెచ్చి గాలి కొట్టాను. దుమ్ము పొగలా లేచింది. లోపలి చిన్న ఫ్యాను ఆ గాలికి ఈల వేస్తూ గిర్రున తిరిగింది. ఏసీలో అయితే, ఆ వేగానికి బేరింగు పోకుండా, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని కానీ గాలి కొట్టను. పదేళ్ళుగా నా కింద పనిచేసే వాళ్ళందరికీ ఆ మాట చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇంట్లో పని కదా అని, తొందర కదా అని, నేనే పట్టుకోలేదు. మూత బిగించి ఆన్ చేస్తే లోపలి నుంచి గరగరమని చప్పుడు.

ఆ ఫ్యాను వేరేది రావాలంటే నాలుగు రోజులు. నేను వంటింట్లో కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి నాన్నకు చెప్పేశాను. ఆయన వచ్చి కన్సోల్ పక్కన చెవి పెట్టి విన్నాడు.

"బేరింగు పోయింది. రేపటికి నడుస్తుందా?"

"నలభై నిమిషాలు. అదీ టేబుల్ ఫ్యాను వెనక పెడితే."

"సరేలే" అన్నాడు. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. ఆయనకు నేనంటే ఎంత ఇష్టమో ఆ 'సరేలే'లోనే తెలిసింది. ఆ ఇష్టం నన్నింకా కాల్చేసింది.

ఆదివారం కండక్టరు బాబాయ్ వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు కానీ నోరు మాత్రం చిక్కలేదు. గుమ్మంలోనే, "వదినా, ఈయన ఇంకా నిన్ను తోలుతున్నాడా, నువ్వే ఈయన్ని తోలుతున్నావా?" అన్నాడు. భోజనాలయ్యాయి. రెండింటికి ఐదు నిమిషాలుందనగా నాన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. బాబాయ్ ఎడమ పక్కన స్టూలు వేసుకుని, జేబులోంచి దారం కట్టిన విజిల్ తీశాడు. అమ్మ వెనక సోఫాలో కూర్చుంది. నేను కన్సోల్ వెనక నేల మీద కూర్చుని, వేడిగాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టాను.

రెండు విజిళ్ళు పడ్డాయి. "రైట్ రైట్!"

బండి కదిలింది. నాన్న వీపు నిటారుగా ఉంది. బాబాయ్ స్టాపుల పేర్లు చదువుతున్నాడు, ఎక్కేవాళ్ళను లోపలికి జరగమంటున్నాడు, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ వాడెవడినో తిడుతున్నాడు. అమ్మ నవ్వుతోంది. నాకు నవ్వు రావడం లేదు. గరగర పెరుగుతోంది. బండి కొండ కిందకు చేరేసరికి చెయ్యి పెట్టలేకపోయాను.

ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"నాన్నా..."

"ఇంకొంచెం. ఈ మలుపు దాటితే ఎక్కేస్తుంది" అన్నాడు. కాలు యాక్సిలరేటరు మీంచి తియ్యలేదు.

అప్పుడు ఒకటే విజిల్, పొడుగ్గా పడింది.

నాన్న కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్ళింది. ఇరవై రెండేళ్ళు ఆ విజిల్‌కు ఆగిన కాలు. బండి రోడ్డు పక్కన ఆగింది.

"ఇంజను చల్లారాలి. పది నిమిషాలు హాల్టు" అన్నాడు బాబాయ్.

"టైము..."

"టైము నాది. స్టీరింగు నీది. మన లెక్క ఎప్పుడైనా మారిందా అన్నా? అందరూ దిగండి, దిగండి! వదినా, నువ్వూ దిగు."

నేను చటుక్కున కన్సోల్‌ని నిద్రపుచ్చి, టేబుల్ ఫ్యాను దాని మీదకు తిప్పాను. అందరం బయటికొచ్చి వరండా మెట్ల మీద, గోడ నీడలో కూర్చున్నాం. అమ్మ కూజాతో మంచినీళ్ళు తెచ్చింది. బాబాయ్ విజిల్ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఆ రోజు కూడా ఇక్కడే ఆపాల్సింది" అన్నాడు చివరికి. "కొండ కింద ఆగి రేడియేటర్‌లో నీళ్ళు పోసుకోకుండా మనం ఏనాడైనా ఎక్కామా? నువ్వు స్పీడు తగ్గించావు కూడా. నేనే రైట్ రైట్ అన్నాను. సభకు లేటైపోతావని. నీకు దండ వేస్తుంటే చూడాలని నాకు మహా తొందర. ఆరేళ్ళ నుంచి ఆ రెండు మాటలు నన్ను తినేస్తున్నాయన్నా."

నాన్న గ్లాసు కింద పెట్టాడు.

"నేను గేజీ చూశానురా. ముల్లు ఎర్రగీత మీదే ఉంది. చూసి కూడా పోనిచ్చాను."

"ఎందుకు?"

"సభలో మాట్లాడాలని నువ్వు పొద్దుటి నుంచి కాగితం చూసుకుంటూ బట్టీ పడుతున్నావు. లేటైతే నీ మాటలు ఎవరూ వినరని."

బాబాయ్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఇద్దరూ ఇద్దరే" అంది అమ్మ. "ఈ ముక్క చెప్పుకోడానికి ఆరేళ్ళు కావాల్సొచ్చిందా? ఫోన్లు లేవా ఇంట్లో?"

నేను ఆగలేకపోయాను. "బాబాయ్, నిన్న ఆ కన్సోల్ ఫ్యాను పాడుచేసింది నేనే. రెక్క పట్టుకోకుండా గాలి కొట్టాను" అన్నాను.

"అయితే ముగ్గురం" అన్నాడు బాబాయ్, నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి. అది తిన్నాక నా మనసు కుదుటపడింది.

లోపలికి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. మళ్ళీ రెండు విజిళ్ళు. బండి కొండెక్కింది. సగం కొండ మీద, సరిగ్గా ఆ పాత ట్రిప్పు ఆగిపోయినంత ఎత్తులో, ఎర్ర అక్షరాలు రాకముందే బాబాయ్ మళ్ళీ ఆపించాడు. ఈసారి నాన్న టైము మాట ఎత్తలేదు. ఇంకో హాల్టు అవతలి వైపు దిగే మలుపుల్లో. ఆ హాల్టులో బాబాయ్ ఆనాడు సభలో చెప్పాల్సిన మాటలన్నీ మెట్ల మీద నిలబడి చెప్పేశాడు. కాగితం లేదు. ఒక్కటీ మరిచిపోలేదు. నాన్న తలొంచుకుని విన్నాడు. అమ్మా నేనూ చప్పట్లు కొట్టాం.

నాలుగున్నర దాటాక బండి ఆఖరి స్టాపులోకి తిరిగింది. నాన్న గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వేశాడు. తలుపులు తెరుచుకున్నాయి. తెర మీద ప్యాసింజర్లు ఒక్కొక్కరే దిగి వెళ్ళిపోయారు. బాబాయ్ అలవాటు కొద్దీ, ఎవరైనా ఏమైనా మరిచిపోయారేమో అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక సోఫాలో అమ్మ ఉంది.

"వదినా, ఆఖరి స్టాపు. దిగాలి."

"దిగను" అంది అమ్మ. "ముప్పై ఏళ్ళు తోలాడు, నేను ఈయన బండి ఎక్కడం ఇదే మొదలు. కాసేపు కూర్చోనివ్వండి."

నాన్న వెనక్కి తిరగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. చెవుల చుట్టూ ఎర్రబడింది.

అమ్మ తీరిగ్గా కూర్చుంది. ఆ తర్వాత లేచి నాన్న భుజం మీద చెయ్యి వేసింది. బాబాయ్ నా వైపు చూశాడు, కన్సోల్ వైపు చూశాడు, విజిల్ నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఒక్కసారి ఊదాడు.

ఇన్నాళ్ళూ ఆ కొండ దారిలో కన్సోల్ ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్క లేదు. ప్రతిసారీ వేడికి దానంతటదే ఆగింది. ఈసారి నాన్న వంగి, తన చేత్తో ఆపాడు.