పచ్చని తీగ వేరు

ఫెర్నాన్ ద్రాక్షతోటకు పొరుగునున్న గాస్పార్ విషం పెట్టాడని ఫ్రాన్స్‌లో బర్గండీ సీమలోని ఆ ఊరంతా నమ్మింది. మూడు తరాలు మేలైన వైన్ ఇచ్చిన తీగలు నిలువునా ఎండిపోయాయి. ఎండిన వేళ్లను తవ్వి చూస్తే పురుగు జాడే లేదు. గాస్పార్ తోట మాత్రం పచ్చగా ఉంది; ఊరికి ఆ సాక్ష్యమే చాలింది. వెలివేస్తే, అతను పీపాల కొట్టంలో ఉరి వేసుకున్నాడు.

పూడ్చిన మర్నాడే అతని భార్య ఒనొరీన్ పార పట్టుకుని తోటలోకి నడిచింది.

“ఏం వదినా, మిగిలిన విషం పాతిపెడుతున్నావా?” గట్టు మీంచి ఫెర్నాన్ వెటకరించాడు.

“నువ్వు తవ్వినవన్నీ చచ్చిన తీగలే, ఫెర్నాన్. చచ్చిన గొడ్డును నెత్తురు పీల్చే గోమార్లు పట్టుకుని ఉంటాయా? బతికున్నదాన్ని తవ్వుతాను, వచ్చి చూడు.”

అన్నిటికన్నా పచ్చని తీగను ఆమె వేళ్లతో సహా పెకలించింది. ఇద్దరూ వంగి చూశారు. ఫెర్నాన్ తోటను ఎండగట్టి వచ్చిన పసుపుపచ్చని పేలు ఆ వేళ్ల నిండా రసం పీలుస్తున్నాయి.