ఆర్కిడ్ ఆకుల మీద ఏడు మచ్చలు

శుక్రవారం పొద్దున తారామణి గడపకు పసుపు రాస్తుంటే మెట్ల మీద రాజయ్య దిగుతున్న చప్పుడయింది. ఆమె ఉలిక్కిపడింది. తడి పసుపు చింది, గుమ్మం పక్కన స్టాండు మీదున్న ఆర్కిడ్ ఆకుల మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

రాజయ్య చప్పుడుకు ఉలిక్కిపడాల్సిన అవసరం అంతకుముందు పదకొండేళ్ళలో ఎప్పుడూ రాలేదు. నాచారంలోని ఆ అపార్ట్‌మెంటులో కింద ఆమె భర్త భూషణం, పైన రాజయ్య. భూషణం రాళ్ళ పరిశోధనలో, రాజయ్య రైల్వే సిగ్నళ్ళలో పనిచేసి రిటైరయ్యారు. ఒకే పేపరు కొని ఇద్దరూ చదువుకునేవాళ్ళు. ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు పాసైన రోజు రాజయ్య మిఠాయి పెట్టె పట్టుకుని దిగాడు. తెనాలి నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయిన భూషణం "నాకు షుగరండీ" అని తలుపు వేసుకున్నాడు. ఆ ముందురోజే ఇద్దరూ ఉప్పల్ చౌరస్తాలో నిలబడి జిలేబీ తిన్నారు. అంతే. మే నెల వచ్చినా మాటల్లేవు. దమ్మాయిగూడలో రాజయ్య కట్టుకున్న ఇల్లు పూర్తయింది, శ్రావణంలో వెళ్ళిపోతాడు. మాట్లాడకుండా వెళ్ళినవాళ్ళు ఇక రారని తారామణి భయం. ఆమె అన్న అలాగే వెళ్ళాడు.

ఆ చుక్కలు తుడిచేలోగా భూషణం బయటికొచ్చాడు.

"తారా! మచ్చలు!"

నాలుగేళ్ళుగా పూయని మొక్క ఆ నెలలోనే మొగ్గ కాడ వేసింది. ఆయన కంగారు ఆయనది. తారామణి చెప్పబోయింది. మెట్ల మీద రాజయ్య ఆగాడు.

"భూతద్దం ఎవరి దగ్గరన్నా ఉంటే బాగుండు," అన్నాడు భూషణం గోడతో.

"నా కాడ ఉన్నది," అన్నాడు రాజయ్య ఎదుటి గోడతో.

తారామణి పసుపు చేతులు కొంగులో దాచుకుంది.

రాజయ్య అద్దం తెచ్చాడు. ఇద్దరూ వంగి చూశారు. ఒకరికి ఏడాది పొడుగునా జలుబు, ఇంకొకరికి నశ్యం అలవాటు. ఆ గుమ్మంలో వాసన తెలిసిన ముక్కు తారామణిది ఒక్కటే.

"మెగ్నీషియం లోపమండీ," అన్నాడు రాళ్ళ మనిషి.

"ఏం మెగ్నీషియం సారూ! లైన్ల ఏడనో జామైంది. నీళ్ళు ఆకు దాక పోతలేవు," అన్నాడు సిగ్నళ్ళ మనిషి.

"మీకన్నీ లైన్లే."

"నీకన్ని రాళ్ళే గద! వదినా, జర చాయ్ పొయ్యి. ఇది గంటల తేలేటి పని గాదు."

మూడు నెలల తర్వాత ఆ ఇంట్లో రెండో కప్పు దిగింది.

శనివారం స్కేలు పెట్టి మచ్చలు కొలిచారు. ఆదివారానికి అవి వెలిసిపోయాయి. ఎండకు పసుపు వెలుస్తుందని చీర మరకలు ఉతికే ప్రతి ఆడదానికీ తెలుసు, ఆ ఇద్దరు పెద్దమనుషులకు తెలియదు.

"తగ్గింది సారూ. ఇగ నాతోని పని లేదు," అని రాజయ్య భూతద్దం జేబులో వేసుకున్నాడు.

సోమవారం తెల్లవారకముందే తారామణి లేచి అగ్గిపుల్లతో మచ్చలు మళ్ళీ దిద్దింది. చీకట్లో లెక్క తప్పి నాలుగు కాస్తా ఏడయ్యాయి.

"పాకుతోందండీ!" అని భూషణం తనే పైకి పరిగెత్తాడు.

ఏడు మచ్చలంటే ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు సీతారామయ్యను పిలిచారు. మల్లాపూర్‌లో ఓ మందుల ఫ్యాక్టరీలో చేసినాయన. గజం దూరంలో నిలబడి, అద్దం కూడా అడక్కుండా, "ఫంగస్. ముట్టుకోకండి, అంటుకుంటుంది" అన్నాడు. కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. మూడు రోజులు మందు కొట్టారు. మందుతోపాటు పసుపు జారిపోయేది, తారామణి పొద్దున్నే మళ్ళీ పెట్టేది. ఇద్దరు మిత్రులూ రోజూ కుర్చీలు దగ్గరికి లాక్కుని తిట్టుకుంటూ చాయ్ తాగేవాళ్ళు.

గురువారం సాయంత్రం సీతారామయ్య తీర్పు చెప్పాడు. "రేపు పొద్దున ఆరింటికి బ్లేడుతో వస్తా. మచ్చలున్న ఆకులు, మొగ్గ కాడ, అన్నీ కోసెయ్యాలి." వెళ్తూ వెళ్తూ నోటీసు బోర్డు మీద కూడా రాశాడు: ఆర్కిడ్ శస్త్రచికిత్స, అందరూ రావలెను.

ఆయన కనుమరుగు కాగానే తారామణి కుండీకి అడ్డం నిలబడింది.

"కొయ్యొద్దు. అది పసుపు."

కొంగు తడిపి ఒక ఆకు తుడిచింది. ఆకు నిగనిగలాడింది.

"ఏడు గూడ పసుపేనా?" అన్నాడు రాజయ్య.

"నాలుగు చింది పడ్డాయి. తక్కినవి నేనే పెట్టాను అన్నయ్యగారూ. మచ్చలు పోతే మీరు కిందికి రారని."

రాజయ్య మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. అయిపోయింది, వెళ్ళిపోతున్నాడు అనుకుంది తారామణి.

"భూషణం సారూ," అన్నాడు రాజయ్య, "గడపకు రాసే పసుపు గుర్తువట్టకపోతివి!"

"అద్దం మీదే కదండీ!"

"కండ్లు నీయి!"

"లైను జామైందన్నదెవరు?"

గొంతులు పెరిగాయి. మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుంది. అంతలో ఇద్దరికీ ఒక్కసారే నోటీసు బోర్డు గుర్తొచ్చినట్టుంది, ఠక్కున ఆగారు.

"సీతారామయ్యకు తెలిస్తే కాలనీ మొత్తం నవ్వుతది," అన్నాడు రాజయ్య నెమ్మదిగా. "వదినా, పొద్దుగాల్నే లేసి గా మచ్చలు మళ్ళ పెట్టు."

"మూడు చాలు," అన్నాడు భూషణం. "తగ్గుముఖం పట్టిందంటే కోత తప్పుతుంది."

"ఏడు ఒక్కపారే మూడైతే ఆయనకు అనుమానం రాదా? రేపు ఆరు పెట్టనీ. ఎల్లుండి అయిదు."

"అంటే వారంలో నయమైపోతుంది."

"ఫంగస్ గంత జల్దీ పోతదా సారూ?" అంటూ రాజయ్య మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "శ్రావణం దాకనన్న పట్టాలె."

భూషణం వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు.

"ఆ తర్వాత తిరగబెట్టే ప్రమాదం కూడా ఉంటుందండీ. దమ్మాయిగూడ నుంచి మా గుమ్మం దాకా ఎంతసేపు ప్రయాణం?"