స్వాధీనం తప్పెట

ఎండుగడ్డి మంట మీద తప్పెటను తిప్పితిప్పి కాచి, వేలితో మీటి చూశాడు మునస్వామి. తోలు బిగిసింది. పాకాల చుట్టుపక్కల కోర్టు అమీనా ఏ భూమిని గెలిచినవాడికి అప్పగించినా, అందులో నిలబడి తప్పెట కొట్టేది అతడే. ఎందరి పొలాలో ఆ మోతతో చేతులు మారాయి. ఇవాళ కొట్టాల్సింది తాను వారానికి, పంటలో పాలిచ్చే ఒప్పందం మీద, దున్నుతున్న చేలోనే మరి!

ఆ చేను నాదంటే నాదని దామోదరం, అతని చిన్నాయన కొడుకు బాలసుబ్రమణ్యం యుద్ధం రాకముందు నుంచీ వ్యాజ్యమాడారు. మునస్వామి పాపం, తెలివిగా నడుచుకున్నాననుకున్నాడు. పండినదాంట్లో ఒక పాలు ఈయన గడపకూ, ఒక పాలు ఆయన గడపకూ గుట్టుగా మోశాడు. పెళ్ళాం నాగులమ్మ గొణిగితే, "ఎవురు గెలిసినా దున్నేది మనమే లేమ్మే" అనేవాడు. ఆ మహాతల్లి కడుపునిండా ఓ ముద్ద తినకుండానే పోయింది.

చేలో వేరుశనగ ఊడలు దిగి, కాయ పట్టే అదనులో ఉంది. అమీనా వారంటు చదివి, "కానీరా" అన్నాడు. మునస్వామి నాలుగు మూలలా తిరిగి కొట్టాడు.

"వినండహో! ఈ సేను దామోదరమయ్య స్వాధీనమైంది. ఇంకెవురూ కాలు పెట్టగూడదహో!"

తప్పెట చంకన పెట్టుకుని దామోదరం ముందు వంగాడు. "సామీ, శెనక్కాయ పెరికేదాకన్నా నన్ను ఉండనీండి."

"వాడికి గూడా పాలు మోసినానని కోర్టులో నువ్వే సెప్తివి గదరా? వాణ్ణే పోయి అడుగు."

"మీరిద్దురూ కొట్లాడుకుంటా ఉంటే నేనేం సేసేది సామీ?"

"నన్ను నమ్ముకోని ఉండాల్సింది. ఎవురూ కాలు పెట్టగూడదని ఇప్పుడు నీ నోటితోనే సాటినావు. ఇంకేముండాది, గట్టెక్కు."

ఛీ, ఏం పుట్టుక పుట్టాడో ఆ మనిషి! అమీనా కూడా మొహం తిప్పుకుని బండెక్కాడు.

మునస్వామి ఇంటికి పోలేదు. గట్టు ఇవతల కూర్చుని, చెయ్యి అందినంత మేరా చేలో కలుపు పీకుతూ ఉండిపోయాడు. కాలు మాత్రం లోపల పెట్టలేదు.

తెల్లవారి మేకలు తోలుకొచ్చిన కుప్పమ్మ పిలిచింది. పలకలేదు. తట్టి చూస్తే ఒళ్ళు చల్లబడి ఉంది. పిడికిట్లో గరిక అలాగే ఉంది.

పక్కన హద్దురాయికి ఆనించిన తప్పెట, మంచుకు తడిసి తోలు వదులైపోయింది.