కుడి మోకాలి కోసం ప్రార్థన

ఎదుటి జట్టు బలమెంతో తెలుసుకోవడానికి మామూలుగా రెండు దారులుంటాయి. వాళ్ళ ప్రాక్టీసు చూడటం ఒకటి, వాళ్ళ చేతిలో ఓడినవాళ్ళని అడగటం ఇంకొకటి. హెప్సిబా రెండూ చేసింది, రెండూ దండగయ్యాయి. మూడో దారి ఆమె వెతకనే లేదు. అదే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చాప మీద కూర్చుంది.

అది 2003వ సంవత్సరం. హెప్సిబా బీకాం ఆఖరి ఏడాది చదువుతోంది. కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్. వచ్చే మంగళవారం సెమీఫైనల్. ఆ ఆట చూడటానికి యూనివర్సిటీ సెలెక్టర్ వస్తోంది. యూనివర్సిటీ జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉంది. అది దక్కినవాళ్ళు కోళికోడ్‌లో జరిగే పోటీలకి వెళ్తారు. ఇరవై ఏళ్ళొచ్చినా హెప్సిబా అమ్మ పక్కన లేకుండా రైలెక్కి ఎరగదు. ఆటంటే ఆమెకి ప్రాణం, అందులో అబద్ధం లేదు. కాకపోతే పై బెర్తు మీద పడుకుని తెల్లవార్లూ కబుర్లు చెప్పుకోవడం కూడా ఆ ప్రాణంలో ఓ ముక్కే. తండ్రి లేడు, ఏది అడగాలన్నా అమ్మనే అడగాలి. అడిగితే సునీతమ్మ, "ముందు సెలెక్ట్ అవ్వు, తర్వాత వద్దంటాను," అంది.

ఎదుటి జట్టంటే నిజానికి ఏడో నంబరు అమ్మాయి ఒక్కతే. పేరు కెజియా అని తెలుసు, పొడుగని తెలుసు, మలయాళీ అయ్యుంటుందని అందరూ అనుకునేవారు. జట్టుకి ఆట నేర్పే వెంకటరాయప్ప సార్ పూర్వీకులది కోలారు వైపు. ఆయన తాతల కాలం నుంచీ ఈ బెంగళూరే ఊరు.

"ఆ ఏడో నంబరు పిల్ల ఉండాది చూడమ్మా, దాన్ని నిలిపితే ఆట మనదే," అన్నాడు. "ఇక్కడ సుమ్నే, ఊరికే కూర్చుంటే ఏమొస్తాది? పోయి చూసి రాండి."

హెప్సిబా, జట్టులో ఉన్న అర్పిత కలిసి బస్సు పట్టుకుని కాడుగోడిలో ఎదుటి జట్టు కాలేజీ దాకా పోయారు. ఆ కాలేజీ వాచ్‌మన్ గేటు తీయలేదు. కాంపౌండు గోడకి ఒకచోట ఇటుకలు ఊడి ఉంటే, అందులోంచి వంతులవారీగా చూశారు. మిగతా పిల్లలంతా చెమటలు కక్కుతూ పరిగెడుతుంటే, ఏడో నంబరు మాత్రం గీత దగ్గర నిలబడి తాపీగా బంతిని బుట్టలో వేసుకుంటోంది.

"దానికి ప్రాక్టీసే అక్కర్లేదు కాబోలు," అంది అర్పిత దిగులుగా. ఆ జట్టు చేతిలో ఓడిన పిల్లల్ని అడిగితే, కుడివైపు నుంచీ వేస్తుంది, ఎడమవైపు నుంచీ వేస్తుంది, మీరు మంచినీళ్ళు తాగుతుంటే మధ్యలోంచి కూడా వేస్తుంది అన్నారు. సార్‌కి ఈ సమాచారం చెప్పడానికి ఇద్దరికీ సిగ్గేసింది.

శుక్రవారం వచ్చింది. మారతహళ్ళిలో సునీతమ్మ ఇంట్లో శుక్రవారమంటే ఉపవాస ప్రార్థన. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వారానికి ఒక్క సెలవు దొరికితే అది దేవుడికి ఇచ్చేసింది. ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చుని పాటలు పాడతారు, ఆ తర్వాత ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఎవరి కష్టం వాళ్ళు దాపరికం లేకుండా చెప్పాలి. దేవుడికి అన్నీ ముందే తెలుసు గనక, ఆ వివరాలన్నీ అసలు పక్కన కూర్చున్నవాళ్ళ కోసమే. ఆ రోజు హెప్సిబాకి కాలేజీ లేదు. వంటింట్లో ఉపవాసం విరమించడానికి నిమ్మరసం కలుపుతూ, ఒకరి ఇంటి ఓనరు గురించీ, ఇంకొకరి బీపీ గురించీ సగం చెవితో వింటోంది.

బెళ్ళందూరు నుంచి కొన్ని నెలలుగా వస్తున్న ఎస్తేరమ్మ వంతు వచ్చింది.

"మా అమ్మాయి కెజియా కోసమండీ," అంది ఆవిడ. "కాడుగోడి కాలేజీలో చదువుతుంది. బంతాట ఆడీ ఆడీ కుడి మోకాలు పాడు చేసుకుంది. కుడిపక్కకి తిరిగితే చాలు, ప్రాణం పోతుందంటుంది. మంగళవారం ఏదో పెద్ద పోటీ ఉందంట. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. కానీ మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పుకోను?"

వంటింట్లో గరిటె ఆగింది. హెప్సిబా చక్కెర ఎన్నిసార్లు వేసిందో మర్చిపోయి మళ్ళీ వేసింది. ఏడో నంబరు తెలుగమ్మాయి. ఏడో నంబరుకి కుడి మోకాలు లేదు. గోడ సందులోంచి చూసినప్పుడు ఆ పిల్ల పరిగెత్తనిది గర్వంతో కాదు, నొప్పితో. ఆమెకి గంతులేయాలనిపించింది గానీ, పక్క గదిలో ఉపవాసం నడుస్తోంది.

అప్పుడే అమ్మ పిలిచింది. "హెప్సీ, ఇటు రామ్మా. నీ ఈడు పిల్లే కదా, ఆ అమ్మాయి కాలు కోసం నువ్వు ప్రార్థన చెయ్యి."

తప్పించుకునే వీల్లేదు. హెప్సిబా వచ్చి చాప చివర మోకాళ్ళ మీద కూర్చుంది. కుడి మోకాలి మీద కూర్చుంటే అదోలా అనిపించి కాస్త ఎడమకి జరిగింది. కళ్ళు మూసుకుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని మొదలుపెట్టింది. "సహోదరి కెజియాని నీ చేతికి అప్పగిస్తున్నాం. ఆమె మోకాలిని నీవు తప్పకుండా ముట్టుము తండ్రీ. నీకు ఏ పనికైనా ఒక సమయం ఉంది. మనుషులం మేం తొందరపడతాం గానీ నీవు తొందరపడవు. కాబట్టి ఏమాత్రం తొందర లేకుండా, అన్నీ చూసుకుని, నీకు వీలైన ఒక మంచి రోజున, బుధవారమైనా సరే, పూర్తిగా స్వస్థపరచుమని వేడుకుంటున్నాం."

ఆమెన్ అన్నారంతా. ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకుని, ఈ కాలంలో ఇంత ఓపిగ్గా ప్రార్థించే పిల్లలు ఎక్కడున్నారు అంది. సునీతమ్మ మురిసిపోయి, బీరువాలోంచి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క క్రేప్ బ్యాండేజీ తీసి, ఎలా కట్టాలో చూపించి మరీ ఎస్తేరమ్మ చేతిలో పెట్టింది. అది చూస్తూ హెప్సిబా గ్లాసులు కాస్త గట్టిగానే కింద పెట్టింది. నిమ్మరసం మాత్రం తాగినవాళ్ళంతా పాయసంలా ఉందన్నారు.

మర్నాడు ఏడో నంబరు మోకాలి సంగతి చెబితే వెంకటరాయప్ప సార్ నమ్మలేదు. "ఎవరమ్మా నీకు చెప్పింది?"

"పేరు చెప్పకూడదు సార్. బట్ అబద్ధం చెప్పేవాళ్ళు కాదు. ప్రతిసారీ కుడివైపుకే తోలాలి. అటు తిరగలేదు."

"నువ్వు భలేదానివమ్మా," అన్నాడాయన. మిగిలిన రోజులన్నీ అదే నేర్పించాడు. అర్పితని ఏడో నంబరుగా నిలబెట్టి, అందరూ కలిసి ఆమెని కుడివైపుకు నెట్టీ నెట్టీ గోడ దాకా తోలారు. హెప్సిబాకి రాత్రిళ్ళు కొంచెం గుచ్చుకునేది. మోకాలు పాడవమని తను అడగలేదు కదా, బాగవడం కాస్త ఆలస్యం చెయ్యమని మాత్రమే కదా అడిగింది అని సర్దిచెప్పుకుని పడుకునేది.

మంగళవారం కెజియా మైదానంలోకి వచ్చింది. మోకాలికి సునీతమ్మ బ్యాండేజీ, సునీతమ్మ నేర్పినట్టే కట్టి ఉంది. ఆట మొదలైంది. కుడివైపుకు తోలితే కెజియా మొహం చిట్లించింది. రెండోసారి తోలితే బంతి వదిలేసింది. సగం ఆట అయ్యేసరికి హెప్సిబా జట్టు తొమ్మిది పాయింట్లు ముందుంది. కుర్చీలో కూర్చున్న సెలెక్టర్ పక్కావిడ చెవిలో ఏదో చెప్పి హెప్సిబా వైపు చూపించింది. ఆ క్షణంలో హెప్సిబా మనసులో పెట్టె సర్దుకోవడం కూడా అయిపోయింది.

రెండో సగంలో కెజియా పరిగెత్తడం మానేసి హెప్సిబా పక్కనే నిలబడటం మొదలెట్టింది. హెప్సిబా వేసిన బంతి బుట్ట అంచుకి తగిలి బయటికొచ్చింది.

"అయ్యో పాపం," అంది కెజియా, చక్కటి తెలుగులో. "పర్వాలేదులే సిస్టర్. అందరికీ అన్నీ రావు."

హెప్సిబా చెవులు వేడెక్కాయి. తిడితే ఆమె నవ్వేస్తుంది, తోస్తే తట్టుకుంటుంది. ఎవరైనా జాలిపడ్డారో, ఇక ఒళ్ళు తెలియదు. తర్వాతిసారి బంతి కోసం పోబోయి కెజియా చెయ్యి మీద కొట్టింది. ఫౌల్. "అలిసిపోయుంటావు సిస్టర్, కాసేపు కూర్చోకూడదూ," అంది కెజియా ప్రేమగా. ఇంకో ఫౌల్. సార్ గీత అవతలి నుంచి, "తాళ్కో అమ్మా, తాళ్కో," అని ఓర్చుకోమంటూ అరుస్తూనే ఉన్నాడు. "నీకోసం ప్రేయర్ చేస్తాలే" అని కెజియా అనేసరికి అయిదో ఫౌల్ కూడా అయిపోయింది. అయిదయితే బయటికి పోవాలి. హెప్సిబా బెంచీ మీద కూర్చుని, తొమ్మిది పాయింట్లు కరిగిపోయి, చివరికి రెండు పాయింట్లతో ఓడిపోవడం కళ్ళారా చూసింది.

సెలెక్టర్ వచ్చి ఇద్దరినీ పిలిచింది. చోటు కెజియాది. ఆమె మోకాలు రెండు వారాల్లో బాగవకపోతే హెప్సిబా వెళ్తుంది.

అందరూ వెళ్ళాక కెజియా కుంటుకుంటూ వచ్చి మెట్ల మీద హెప్సిబా పక్కన కూలబడింది. మోకాలు నిజంగానే వాచింది.

"నా కాలి సంగతి మా అమ్మే చెప్పింది కదా?" అంది.

"అవును. మరి నన్నెలా రెచ్చగొట్టాలో నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ. మీ ఇంట్లో శుక్రవారమైతే మా ఇంట్లో బుధవారం సాయంత్రం, డ్యూటీ అయ్యాక నేరుగా వస్తుంది. 'మా హెప్సిబాకి కోపం ఎక్కువండీ, జాలిపడితే అస్సలు ఓర్చుకోలేదు, శాంతం ఇమ్మని ప్రార్థించండి' అంటుంది ఆంటీ. ప్రతి వారం. నేనే ఎన్ని ఆమెన్లు అన్నానో లెక్కలేదు."

 హెప్సిబా గుట్టంతా బెళ్ళందూరులో చాప పరిచి ఆరబెట్టారన్నమాట. ఇంటికెళ్ళి అమ్మని ఏమేం అనాలో అప్పటికప్పుడే మాటలు పేర్చుకోసాగింది.

"ఇంకా ఏం చెప్పింది?" అంది పళ్ళ బిగువున.

 కెజియా మొహంలో అల్లరి పోయింది. "పోయిన వారం వేరేది అడిగింది. 'నా బిడ్డ సెలెక్ట్ అవుతుంది, నాకు తెలుసు. పంపనని పైకి అంటున్నాను గానీ, నాదంతా భయం. దాన్ని పంపే ధైర్యం నాకివ్వమని ప్రార్థించండి' అంది. చెప్తూ ఏడ్చేసింది. దానికీ ఆమెన్ అన్నాను, ప్రామిస్."

బస్సులో దారి పొడుగునా హెప్సిబాకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏది ఎక్కువో తేల్చుకోకముందే ఇల్లొచ్చింది. సునీతమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఓడిపోయాం," అంది హెప్సిబా. "సెలెక్షన్ కూడా వేరే అమ్మాయికి వచ్చింది. ఆమె మోకాలు తగ్గకపోతే నేను వెళ్తాను."

"ఏ అమ్మాయి?"

"ఎస్తేరు ఆంటీ వాళ్ళ కెజియా."

సునీతమ్మ కుర్చీలో కూర్చుంది. తను ఎవరి కాలికి బ్యాండేజీ ఇచ్చిందో, ఎవరి కాలు కోసం కూతురి చేత ప్రార్థన చేయించిందో ఆవిడకి మెల్లగా అర్థమైంది. వంగి చెప్పులు విప్పి పక్కన పెట్టింది. 

"ఈ శుక్రవారం మనవులు చాలా ఎక్కువున్నాయే హెప్సీ," అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా. "ఎస్తేరు వంతు వచ్చేసరికి టైం సరిపోదేమో. మోకాలి సంగతి పై వారం చూద్దాంలే."

హెప్సిబా అమ్మ మొహంలోకి చూసింది. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా ఈ మనిషి ఒకరి మనవి వదిలిపెట్టడం తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బస్సులో పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియలేదు. వెళ్ళి అమ్మని గట్టిగా కావలించుకుంది.

"వదులు, యూనిఫాం నలుగుతుంది," అంది సునీతమ్మ. హెప్సిబా వదల్లేదు.