స్టెల్లా మేడమ్ చెప్పిన ఒక ముద్ద

"పల్లవీ, శుభవార్త! రేపటి నుంచి మధ్యాహ్నం ఒక ముద్ద రాగి సంగటి తినొచ్చు."

చిత్తూరు ఆసుపత్రిలో ఆహార సలహాలిచ్చే స్టెల్లా మేడమ్ ఫోన్లో ఆ మాట అనగానే వంటింట్లోకి పరుగెత్తబోయాను. కడుపులో ఆరు నెలల బిడ్డ ఉన్న సంగతి గుర్తొచ్చి, బుద్ధిగా నడిచి వెళ్లాను.

నాలుగు రోజుల కిందటే నాకు గర్భిణులకు వచ్చే షుగర్ ఉందని తేలింది. "రెండు వారాలు తిండి, నడక సరిచేసుకో. తిన్న రెండు గంటలకు నూట ఇరవై దాటకూడదు. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ ఇద్దాం. భయమేం లేదు, బిడ్డకు మంచిదే," అంది డాక్టరమ్మ. భయమేం లేదని ఆమెకు తెలుసు, నాకు తెలియొద్దూ? వేలికి గుచ్చుకునే బుల్లి సూదికే నేను కళ్లు మూసుకుంటాను. పట్టుకుని గుచ్చాల్సిన మా ఆయన చక్రధర్ కూడా మూసుకుంటాడు. ఇక ఆ సూది ఎవరికి దిగుతుందో దేవుడికే తెలియాలి.

ఆ నాలుగు రోజులూ రెండు చపాతీలు, గిన్నెడు కూర. నూట పద్దెనిమిది దాటలేదు. కానీ సంగటి తినే ఇంట్లో చపాతీ తినడమంటే పెళ్లికి వెళ్లి గుమ్మంలోనే నిలబడి వచ్చినట్టు.

శుభవార్త విని మా అత్త సిద్ధమ్మ ముఖం వెలిగిపోయింది. "సూసినావా, ఆ మేడమ్మకి తెలివుండాది! రాగులు తిన్నోళ్లకి రోగమెట్లొస్తాది మ్మే?"

మర్నాడు మధ్యాహ్నం ముద్ద వచ్చింది. నున్నగా, నల్లగా, పొగలు కక్కుతూ. పక్కన గిన్నెల్లో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, ఆకుకూర పప్పు. ఒక్కటంటే ఒక్కటే ముద్ద. కంచంలో ఇంకేదీ పట్టలేదు కూడా. తిని తోటలోకి నడకకు వెళ్లాను. ఆ నడక మాకు పండగ. నేనిక్కడ మామిడి చెట్ల మధ్య, ఆయన చిత్తూరులో తన ఆఫీసు వరండాలో, ఇద్దరం ఫోను చెవిన పెట్టుకుని నడుస్తాం.

"ఇప్పుడు నీలం మామిడి చెట్టు దాటినాను."

"నేను జిరాక్సు మిషను దాటినా. ఆడనే ఉండు, వచ్చేస్తాను."

రెండు గంటలకు చూస్తే నూట డెబ్బై ఒకటి!

మర్నాడు నూట అరవై ఎనిమిది. మూడో రోజు నూట డెబ్బై మూడు. తోట చుట్టూ ఇంకో రెండు సార్లు తిరిగినా అంతే. నాకు ఏడుపొచ్చింది. సూది తప్పదనుకున్నాను. "మిషనే సరిలేదు," అన్నాడు మామ మునిరత్నం, తన రెండో ముద్ద తుంచుతూ. స్టెల్లా మేడమ్‌కు ఫోన్ చేస్తే, "ఏం తింటున్నావో ఒకసారి పట్టుకుని రా," అంది.

"నా సంగటి మీద మాట పడనీను, నేనే వస్తా," అని అత్త బయలుదేరింది. ముద్ద క్యారియర్లో పట్టలేదు. అరిటాకులో చుట్టి, తపేలాలో పెట్టి, గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. "యాడికి అవ్వా, సారెకా?" అన్నాడు కండక్టరు. "ఆస్పత్రికప్పా. దీనికి పరీక్ష ఉండాది," అంది అత్త.

స్టెల్లా మేడమ్ ఆకు విప్పి, ముద్దను చూసి, నన్ను చూసి, మళ్లీ ముద్దను చూసింది. "ఇది ఎన్ని రోజులకమ్మా?"

"ఒక్క పూటకే! తోటలో కూలోళ్లకి ఇంతకంటే తగ్గిస్తే తెల్లారి పనికి రారు."

మేడమ్ బల్ల మీది త్రాసులో పెట్టింది. ఐదు వందల నలభై గ్రాములు.

"ఒక ముద్దంటే పల్లవి పిడికిలంత అనుకున్నాను నేను. పైగా ఇందులో నూకలు కూడా వేశారు కదా?"

"నూకలెయ్యకుంటే సంగటెట్లవుతాది?" అంది అత్త. కానీ గొంతు తగ్గింది. త్రాసు వైపు కాదు, తన అరచేతుల వైపు చూసుకుంది.

మర్నాడు ఆమె నిజంగానే ప్రయత్నించింది. పిడికిలంత తీసింది, తడి గిన్నెలో తిప్పింది, ఇంకొంచెం కలిపింది, మరికొంచెం. కళ్ల ముందే అది మళ్లీ కూలివాళ్ల ముద్దయింది. "నా చెయ్యి మాట ఇనదు మ్మే," అని తెడ్డు నా చేతిలో పెట్టింది. పెళ్లయినప్పటి నుంచి నన్ను తాకనివ్వని తెడ్డు! నా మొదటి ముద్ద వంకరగా, ఒక పక్క నొక్కుకుపోయి ఉన్నా, దాన్ని ఫోటో తీసి మా ఆయనకు పంపాను. "ఎవరి పోలికో?" అని జవాబిచ్చాడు.

ఆ రోజు నూట పన్నెండు. తర్వాత నూట ఎనిమిది, నూట పదిహేను. గడువు రోజున డాక్టరమ్మ నా పుస్తకం తిరగేసి, "ఇప్పటికి ఇన్సులిన్ అక్కర్లేదు. ఇలాగే కానివ్వు, మళ్లీ వారం చూద్దాం," అంది. బస్టాండు దాకా నేను నేల మీద నడవలేదు.

ఇంట్లో మామ రెండు ముద్దలు ముగించి, నవ్వుతూ కూర్చున్నాడు. "ఇంత సంగటికి మనిషికేమవుతాదంట? నలభై ఏండ్లుగా తింటా ఉండాను. ఏదీ, నా వేలూ గుచ్చు సూద్దాం."

కొత్త సూది వేసి గుచ్చాను. ఈసారి కళ్లు తెరిచే.

రెండు వందల పద్నాలుగు.

"మిషనే సరిలేదు," అన్నాడు మామ. కానీ ఈసారి నవ్వలేదు.

అత్త కొంగు బిగించింది. "ఇనయ్యా. రేపు పొద్దున కాఫీ నీళ్లు కూడా తాగకుండా చిత్తూరుకి పోయి రక్తమిచ్చి రావాల. మధ్యాన్నం పల్లవి ఎనకాల తోట సుట్టూ నడవాల." నా వైపు చూసింది. "ఇంకోమాట. రేపట్నుంచి నీ ముద్ద కూడా ఈ బిడ్డే చేస్తాది."