మనిషికొక జత

శ్యామలకు మామ పగిడయ్యతో వచ్చిన చిక్కు ఒక్కటే. ఆయన ఎవరి మాటా వినడు, బియ్యపు గింజల మాట తప్ప. నలభై ఏళ్ళు తల్లాడ నుంచి పెనుబల్లి దాకా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు పునాదులు తవ్వాడు. గడ్డపార దిగిన చప్పుడు విని నేల గుణం చెప్పేస్తాడు. తీరా తన ఇంటి వంతు వచ్చేసరికి ఎక్కడ కట్టాలో తేల్చమని రెండు చోట్ల, ఇంట్లో మనిషికొకటి చొప్పున మూడేసి జతల గింజలు మోదుగాకు దొప్పల కింద దాచి, తెల్లారేదాకా ఆగాడు.

ఉన్నది అడవి అంచున, నిలబడితే జారే ఆరు గుంటల నేల. పైన ఇప్పచెట్టు పక్కన గట్టి చోటు. కింద వాగు ఒడ్డున చదును, పక్కనే బోరింగు. నిరుటి గాలివానకు పైనున్న గుడిసె పోయింది, అప్పటినుంచి గుడారంలోనే ఉంటున్నారు. ఈ సాయంత్రంలోగా సర్కారు మనిషితో పునాది ముగ్గు పోయించకపోతే, మంజూరైన సర్కారు ఇల్లు ఇంకొకరికి పోతుంది. పైన కడితే బిందెలు మోయాల్సింది శ్యామల. బిందెతో ఆ వాలు ఎక్కుతూనే జారిపడి, కడుపులో ఆరు నెలల బిడ్డను పోగొట్టుకుంది. గింజలకు ఆ సంగతి తెలియదు.

అందుకే ఎవరూ లేవకముందే రెండు చోట్లా దొప్పలెత్తి చూసింది. పైన మూడు జతలూ అంటుకునే ఉన్నాయి. కింద మామ పేరున పెట్టిన జత విడిపోయింది. జత విడితే ఆ మనిషికి ఆ చోటు అచ్చిరాదని పెద్దల లెక్క. చీమల పనేలే అనుకుని కింద జత కలిపింది, పైకెక్కి అక్కడి జతల్లో ఒకదాన్ని విడదీసింది.

తర్వాత పగిడయ్య రెండు చోట్లా దొప్పలు తీసి చూశాడు.

"నేనైతే పైనే అనుకున్న బిడ్డా. గింజలు కిందికి రమ్మన్నయి."

"నీకంటే వాటికే తెలివున్నది మామా."

ఆమె భర్త వీరబాబు ముగ్గు పోసే సారును తేవడానికి బండి మీద పోయాడు. ముసలాయన లుంగీ ఎగగట్టి తవ్వకం మొదలుపెట్టాడు. రోహిణి కార్తె ఎండ. మోకాలి లోతుకే గడ్డపార అన్నం ముద్దలో వేలు దిగినట్టు దిగింది. అడుగున నీరూరింది. అట్లాంటి నేల మీద కట్టొద్దని ఎంతమందికి చెప్పి కూలి పోగొట్టుకున్నాడో.

"ఆపు మామా, నీళ్ళొస్తున్నయి గద."

"ఇంకింత దిగితే మొరం తగులుతదేమో. గింజలు అబద్ధమాడయి."

నిజం నోటిదాకా వచ్చింది. నడుము మీద బిందె బరువు గుర్తొచ్చి, "జావ తెస్త" అని గుడారం వైపు పోయింది.

తిరిగొచ్చేసరికి ఆయన గుంత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తలగుడ్డ ముఖం మీదికి జారింది, పాదాలు నీళ్ళలో ఉన్నాయి. కునుకేమో అనుకుంది. పిలిచింది. గిన్నె కింద పెట్టి భుజం పట్టి కదిపింది. తల పక్కకు వాలిపోయింది, ఊపిరి లేదు.

అప్పుడే పైన బండి ఆగింది. "ముగ్గు యాడ పోయాలె?" అని సారు అక్కణ్ణుంచే అరిచాడు.

"పైననే," అంది శ్యామల, మామ భుజం వదలకుండా. "మామ అనుకున్నదే కరెక్టు. గింజలు నేనే కలిపిన. తప్పు నాదే."

వీరబాబు వాలు మీద జారుతూ పరుగెత్తి వస్తున్నాడు. గుంత నడుమ, పగిడయ్య అరచేతులకు నున్నబడిన గడ్డపార నిలువుగా దిగబడి ఉంది. నీళ్ళు దాని మీదికి బెత్తెడు ఎక్కాయి.